పొగ పోయాక ముక్కు మేస్త్రి

షెడ్డులో పని పూర్తయిన ప్రతి బండి వెనకా ఆఖరుకు ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చునేవాడు. డ్రైవరు ఇంజను నడిపిస్తూ ఉంటే, ఈయన సైలెన్సరు గొట్టం నుంచి వచ్చే పొగను పిట్టను పట్టినట్టు పిడికిట్లో పట్టి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని, కళ్ళు మూసుకునేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మాట్లాడటం ఆపేసేవాళ్ళు. కాసేపటికి కళ్ళు తెరిచి, "మూడో నాజిల్ కారుతోంది" అనో, "మీవాడెవడో డీజిల్లో కిరసనాయిలు కలిపాడు" అనో అనేవాడు. విప్పి చూస్తే అంతే ఉండేది. లారీలవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు.

అలా ముక్కు మేస్త్రి అయ్యాడు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు లేరు.

షెడ్డు ఆయన బావమరిదిది. రేకుల కప్పుకు మేకుల చిల్లులు. పొద్దున పూట వాటిలోంచి దిగే సన్నని వెలుతురు తీగలు పొగలో కదులుతూ ఉండేవి. నేల మీద ఏళ్ళ తరబడి కారిన ఆయిలు గట్టిపడి, నడిస్తే తోలు మీద నడిచినట్టుండేది. ఆ నేల మీద ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ మనిషికి ఇంట్లో గచ్చు మీద కాలు నిలిచేది కాదు. తన చోటు అదే అనుకున్నాడు. ఆ చోటును తనకు ఇచ్చింది చేతులు కాదు, ముక్కే అని కూడా తెలుసు. చేతిపని తెలిసిన మేస్త్రీలు ఊళ్ళో ఇంకో పదిమంది ఉన్నారు.

ముక్కు పోయిన రోజు కూడా ఆయనకు గుర్తుంది. మూడేళ్ళ కిందట ఒక ఉదయం పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. పెరట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది.

"ఏమండీ! పాలు మాడి బొగ్గవుతుంటే పక్కనే కూర్చుని ఏం చేస్తున్నారు?"

తలెత్తి చూశాడు. గిన్నె అడుగు నల్లగా ఉంది. గదంతా పలచని పొగ. ఆ పొగ మధ్యలోనే తను కూర్చుని ఉన్నాడు.

"ఏదో ఆలోచనలో ఉన్నా" అన్నాడు.

ఆ రోజు షెడ్డులో ఎవరూ లేనప్పుడు డీజిల్ డబ్బా మూత తీసి ముక్కు దాకా ఎత్తి పీల్చాడు. చల్లగా గాలి లోపలికి వెళ్ళింది. అంతే. సామానంతా తీసేసిన గది తలుపు తెరిచినట్టు అనిపించింది. గ్రీజు, బ్యాటరీ యాసిడ్, కాలిన క్లచ్ ప్లేటు, ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. డాక్టరు చీటీ రాస్తాడు, చీటీ చొక్కా జేబులో ఉంటుంది, చొక్కా భార్య ఉతుకుతుంది.

ఎవరికీ చెప్పకుండానే రోజులు గడిచాయి, ఎందుకంటే పొగ ఆయన పక్షాన ఉంది. నల్ల పొగ వస్తే డీజిల్ ఎక్కువ పోతున్నట్టు. నీలం వస్తే ఇంజను ఆయిలు తాగుతున్నట్టు. తెల్లగా వచ్చి పోకుండా నిలిస్తే లోపలికి నీళ్ళు దిగుతున్నట్టు. ముక్కుకు తెలిసిందంతా కంటికి కూడా కొద్దోగొప్పో తెలుసు. మిగిలింది పక్కవాళ్ళ మొహాలు చెప్పేవి. ఎవరి ముక్కు ఎప్పుడు ముడుచుకుంటుందో ఓరకంట చూసి, ఆ తర్వాత తను కళ్ళు మూసుకునేవాడు. తేలు కుట్టిన దొంగలా బతకడం కూడా ఒక పనే. దాన్నీ ఆయన శ్రద్ధగా నేర్చుకున్నాడు.

అప్పుడు గ్యాస్ వచ్చింది.

ఊళ్ళో బడి వ్యాన్లు, టాక్సీలు పెట్రోలు మానేసి గ్యాసుకు మారాలని ఆర్డరొచ్చింది. డీజిల్ లారీలు ఊరి బయటే ఆగిపోయాయి. బావమరిది పది రోజులు శిక్షణకు వెళ్ళి, సర్టిఫికెట్టు తెచ్చి, షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలించాడు. ఆ పది రోజుల్లో నేర్చుకున్నదంతా బావకు చెప్పందే అతనికి నిద్ర పట్టేలా లేదు.

"బావా, ఇది మండితే మసి ఉండదు. గొట్టంలో తెల్ల రుమాలు పెట్టి తీసినా తెల్లగానే వస్తుంది. పిల్లలు పీల్చే గాలి కదా, అందుకే ముందు బడి వ్యాన్లు అన్నారు."

"పొగ?"

"ఏ పొగా? పొగే లేదంటుంటే!"

మేస్త్రి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఇంకోటి చెప్తా విను. గ్యాసుకు అసలు వాసనే ఉండదట. లీకైతే జనానికి తెలియాలని కుళ్ళిన గుడ్ల కంపు కావాలని కలుపుతారట. అంటే నీలాంటి ముక్కున్నవాడికి ఇది పండగే!"

బండికి బిగించే గ్యాస్ కిట్టుతో పాటు వచ్చిన పుస్తకంలో మాత్రం ముక్కు గురించి ఒక్క ముక్క లేదు. సిలిండరు నుంచి ఇంజను దాకా పైపు కలిసే ప్రతి చోటా సబ్బునీళ్ళు కుంచెతో పూయాలి, బుడగ లేస్తే లీకు ఉన్నట్టు అని రాసి ఉంది. మొదటి బండికి బావమరిది మగ్గులో సబ్బు కలిపి తెచ్చాడు. టాక్సీవాడు చూసి నవ్వాడు.

"గడ్డం గీస్తావా ఏంటి నా బండికి? సబ్బునీళ్ళు మా ఇంట్లో పిల్లలు కూడా ఊదుతారు. మేస్త్రిని పిలువు. ఆయన వంగి చూసి పొమ్మంటేనే నేను తీసుకెళ్తా."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆయన ఆ క్షణానికే తిరిగి వెళ్ళేవాడు. సబ్బు మగ్గు చేతికందే దూరంలో ఉంది. 'పుస్తకంలో ఉన్నట్టు చెయ్యి' అని ఒక్క మాట అంటే చాలు, అంతకు మించి ఏమీ చెప్పుకోనక్కర్లేదు కూడా. కానీ చుట్టూ నలుగురు చేరి, మాటలు ఆపేసి, ఎదురు చూస్తున్నారు. ఆ నిశ్శబ్దం ఎన్నేళ్ళుగానో ఆయనకు అన్నం కంటే ఎక్కువ. వంగాడు. పైపు వెంట ముక్కు ఆనించి నడిపించాడు. "పో. ఏం భయం లేదు" అన్నాడు.

మొదటి బండికి వంగినప్పుడు అది అబద్ధం. ముప్ఫయ్యో బండి నాటికి అదే పద్ధతి. మగ్గులో సబ్బు ఎండి పెచ్చులు లేచింది, కుంచె దానికి అతుక్కుపోయింది.

పసుపు రంగు వ్యాన్ నడిపే ఆవిడను అందరూ వ్యాన్ అక్క అంటారు. పదకొండు మంది పిల్లల్ని బడికి తీసుకెళ్ళి తెస్తుంది. గ్యాస్ కిట్టు బిగించి వెళ్ళిన నెలకు ఒక మధ్యాహ్నం వ్యాన్ తెచ్చి షెడ్డు ముందు ఆపింది. బావమరిది పైపులు కొనడానికి బజారు వెళ్ళాడు. మేస్త్రి ఒక్కడే ఉన్నాడు.

"అన్నా, వెనక సీట్లో కుళ్ళిన గుడ్ల కంపు వస్తోందంటున్నారు పిల్లలు. నేను ముందు కిటికీ తీసి నడుపుతాను కదా, నాకు ఒకసారి వచ్చినట్టు ఉంటుంది, ఒకసారి ఉండదు. నీ ముక్కే చెప్పాలి."

వ్యాన్ తలుపులన్నీ తీసి ఉన్నాయి. సిలిండరు వెనక సీటు కింద ఉంది. మేస్త్రి వంగాడు, పీల్చాడు. చల్లని గాలి. అలవాటు కొద్దీ ఓరకంట వ్యాన్ అక్క మొహం చూశాడు. ఆ మొహంలో ఏమీ లేదు. ఆవిడ కూడా ఆయన మొహమే చూస్తోంది.

"గ్యాస్ కాదమ్మా" అన్నాడు. "గ్యాస్ అయితే నువ్వు గేటు దాటేటప్పుడే నాకు తెలిసేది. పిల్లలు కదా, టిఫిన్ బాక్సులో ఏదో మురగబెట్టి ఉంటారు. వెనక సీట్లో ఎవరు కూర్చుంటున్నారో కాస్త చూసుకో."

వ్యాన్ అక్క చూసుకుంది. వెనక సీట్లో కూర్చునేది టైలరు కూతురు.

ఆ సంగతి మేస్త్రికి తెలియడానికి పదహారు రోజులు పట్టింది. బడి లేని ఒక శనివారం ఉదయం వ్యాన్ అక్క మళ్ళీ వచ్చి, షెడ్డు లోపలే ఆపింది. ఈసారి వ్యాన్‌ ముందు సీట్లోంచి ఒక పల్చటి మనిషి, మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మరిచిపోయి, దిగింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఎనిమిదేళ్ళ పిల్ల. జడలు ఇంకా తడిగా ఉన్నాయి.

"మేస్త్రి గారు మీరేనా?" అంది టైలరు. "మీతో ఒక మాట చెప్పించుకుందామని వచ్చాం. దీన్ని పొద్దునా సాయంత్రం రెండుసార్లు తోముతున్నా. బ్యాగు ఉతికా. చెప్పులు మార్చా. అయినా వ్యాన్‌లో ఎవరూ దీని పక్కన కూర్చోరు. కుళ్ళుగుడ్డు అని పేరు పెట్టారు. నిన్న నడిచి బడికి పోతానంది. మూడు మైళ్ళు!"

"నేనేం చెయ్యను?" అంది వ్యాన్ అక్క, ఎటో చూస్తూ. "పిల్లల్ని తిడుతూనే ఉన్నా. అన్న చెప్పాడు కదా గ్యాస్ కాదని. ఇక మిగిలింది ఏంటి మరి?"

పిల్ల తల్లి చెయ్యి వదిలేసి ముందుకొచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"తాతా, మీకు ఎంత చిన్న వాసనైనా తెలుస్తుందట కదా. నన్ను చూసి చెప్పండి. ఉంటే ఉందనే చెప్పండి, పర్లేదు."

చేతులు రెండూ పైకెత్తి, డాక్టరు ముందు నిలబడ్డట్టు ఊపిరి బిగబట్టింది. చెవి వెనక సరిగ్గా కడగని సబ్బు తెల్లగా ఎండి ఉంది. మోచేతులు తోమి తోమి ఎర్రబడ్డాయి. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా బండ్ల వెనక వంగినట్టే వంగాడు. ఈసారి కళ్ళు మూసుకోవడానికి భయమేసింది. మూసుకుంటే ఏం కనిపిస్తుందో అని.

"ఏ వాసనా లేదమ్మా" అన్నాడు.

నిజమే. ఆ మాట ఆయన రాయితోనైనా, రోజాతోనైనా అనగలడు.

పిల్ల ఊపిరి వదిలింది. "గట్టిగా చెప్పండి. వ్యాన్ అక్కకు వినపడాలి."

"పిల్ల దగ్గర ఏ వాసనా లేదు!"

"అయిపోయింది. నువ్వు చెప్పాక ఇంకేముంది అన్నా" అంది వ్యాన్ అక్క. నిజంగానే బరువు దిగినట్టుంది ఆవిడకు కూడా.

అప్పుడు పిల్ల, పిల్లలు లెక్క సరిచూసుకునేటప్పుడు అడిగినట్టు మామూలుగా అడిగింది. "మరి వ్యాన్‌లో వాసన ఎవరిది?"

ఒక టాక్సీ కిందనుంచి బావమరిది చక్రాల చెక్క మీద జారి బయటికొచ్చాడు. "వ్యాన్‌లో వాసనా? ఎప్పట్నుంచి? నాతో ఎవరూ అనలేదే!"

వెళ్ళి వెనక తలుపు తీశాడు. దారంతా మూసి ఉన్న తలుపు. ఒక్క అడుగు వెనక్కి వేసి, చేత్తో ముక్కు మూసుకుని, అలాగే తల తిప్పి బావ వైపు చూశాడు. మేస్త్రి పక్కనే ఉన్నాడు. ఇంకా మొహం ముడవలేదు. ముడవాలని గుర్తొచ్చేసరికి ఆలస్యమైంది.

బావమరిది సిలిండరు వాల్వు కట్టేశాడు. అందరినీ దూరంగా నిలబెట్టి, తలుపులన్నీ బార్లా తీసి చాలాసేపు ఉంచాడు. మగ్గులో ఎండిన సబ్బును నానబెట్టి, కుంచె ఊడదీసి, వాల్వు కొద్దిగా వదిలి, పైపు కలిసే చోట పూశాడు. మొదట ఏమీ లేదు. తర్వాత నట్టు అంచున చిన్న బుడగ ఒకటి కన్ను తెరిచినట్టు లేచింది. పెరిగింది. మేకుల చిల్లుల్లోంచి పడే వెలుతురు దాని మీద ఏడు రంగులూ తిరిగింది. పగిలి, మళ్ళీ అక్కడే ఇంకొకటి లేచింది. తొందరేమీ లేదు దానికి. నలభై ఆరు రోజులుగా అది అలాగే ఊదుతూ ఉంది.

"గుంతల రోడ్లు" అన్నాడు బావమరిది, అందరికీ వినపడేలా. "నట్టు వదులైంది. మొన్నో నిన్నో వదులై ఉంటుంది. కదా బావా?"

తప్పుకోమని దారి చూపిస్తున్నాడు.

"అయ్యుంటుంది" అన్నాడు మేస్త్రి.

బావమరిది నట్టు బిగించి మళ్ళీ సబ్బు పూశాడు, ఈసారి బుడగ లేవలేదు. టైలరు కళ్ళు తుడుచుకుంది. "మీ ముక్కు చల్లగా ఉండాలండీ. ఈవేళ మా పిల్ల పరువు కాపాడారు" అంది. పిల్ల వ్యాన్ ఎక్కుతూ ఆయనకు చెయ్యి ఊపింది. ఆయనా ఊపాడు. తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే తట్టుకునేవాడు.

మధ్యాహ్నం ఇద్దరూ చెక్కపెట్టె మీద క్యారేజీలు విప్పారు. బావమరిది తినకుండా కలుపుతూ కూర్చున్నాడు.

"ఏంటి బావా, ముక్కుకు సెలవిచ్చావా?"

మేస్త్రి చెప్పాడు. ఎక్కువ మాటలు పట్టలేదు. మూడేళ్ళ రహస్యం రెండు ముద్దల మధ్య అయిపోయింది.

బావమరిది ముందు నవ్వాడు. బావ ఆటపట్టిస్తున్నాడనుకున్నాడు. తర్వాత క్యారేజీ మూత పెట్టేశాడు.

"అక్కకు తెలుసా?"

"తెలీదు."

"ముప్ఫై ఆరు బండ్లు బావా. ముప్ఫై ఆరు! వాటిలో మనుషులు కూర్చుంటున్నారు. సిగరెట్లు ముట్టిస్తారు. బడి పిల్లలు..." ఆగిపోయాడు. గోడ మీద సర్టిఫికెట్టు వైపు చూశాడు. "నన్ను తన్నాలి. పది రోజులు నేర్చుకొచ్చి, టాక్సీవాడు నవ్వాడని సబ్బు మానేశాను. నీ ముక్కు ఉందిలే అని."

"తప్పు నాదిరా."

"నీదే. కాదనట్లేదు. నాదీ ఉందంటున్నా."

ఆ మధ్యాహ్నమే ఫోన్లు మొదలుపెట్టారు. ఏ బండీ తనిఖీ కాకుండా జనాన్ని ఎక్కించుకోవద్దు, వెంటనే తీసుకురమ్మని. ఎందుకు అని అడిగిన ప్రతివాడికీ, "మేస్త్రే చెప్తాడు, రండి" అన్నాడు బావమరిది. అది శిక్షో సాయమో మేస్త్రికి అర్థం కాలేదు.

మూడు రోజులు బండ్లు వరసలో నిలబడ్డాయి. ఆయనే కుంచె పట్టుకుని ఒక్కొక్కదాని కింద దూరాడు. దూరే ముందు ప్రతి డ్రైవరుకూ ఒకటే మాట చెప్పాడు. "నాకు వాసన తెలీదు. మీ బండి చూడకుండానే పొమ్మన్నాను." పదోసారికి అలవాటవుతుందనుకున్నాడు, కాలేదు. కొందరు జాలిపడ్డారు. ఒకాయన బండి దిగి గేటు బయట నిలబడ్డాడు, పని అయ్యేదాకా లోపలికి రాలేదు. సబ్బుకు నవ్విన టాక్సీవాడు మాత్రం ఊరుకోలేదు.

"అంటే మొన్న నా పాత బండి పొగ చూసి ఆయిలు తాగుతోందన్నావ్, అదీ కథేనా?"

"అది రంగు చూసి చెప్పా."

"ఓహో! అయితే ఇన్నాళ్ళూ మేం ముక్కు అనుకుంటున్నది కళ్ళజోడన్నమాట! అరేయ్, పేరు మార్చండ్రా!"

వరసంతా ఘొల్లుమంది. మేస్త్రి కుంచె ముంచి అతని బండి కిందికి వెళ్ళాడు. అక్కడ చీకటిగా, చల్లగా ఉంది. కాసేపు అలాగే పడుకున్నాడు. ఆ బండిలో కూడా ఒక నట్టు దగ్గర బుడగ లేచింది. బయటికొచ్చి చూపించాడు. టాక్సీవాడి నవ్వు ఆగిపోయింది. "మా ఆవిడ వెనక కూర్చుంటుంది ఇందులో" అన్నాడు మెల్లగా. మేస్త్రి పానా తీసి నట్టు బిగించాడు. మొత్తం ముప్ఫై ఆరింటిలో మూడు కారుతున్నాయి.

ఇంట్లో చెప్పినప్పుడు భార్య ఆరేసిన బట్టలు మడత పెడుతోంది. చివరిదాకా విని, "పాలు మాడిన రోజే అనుకున్నా" అంది.

"మరి అడగలేదే?"

"మీరే చెప్తారని చూశా. చెప్పలేదు. పులిసిన కూర పొరపాటున తింటారేమోనని మీకు వడ్డించే ముందు నేను వాసన చూస్తున్నా, మూడేళ్ళుగా." ఇంకో చొక్కా తీసి దులిపింది. "ఆ పిల్లకు చెప్పారా?"

"లేదు."

"చెప్పకపోతే ఏం? దాని పక్కన ఇప్పుడు కూర్చుంటున్నారట. వ్యాన్ అక్క చెప్పింది. 'ముక్కు మేస్త్రి నన్ను చూసి చెప్పాడు' అని అందరికీ చెప్పుకుంటోందట."

ఆ మాటకే ఆయనకు నిద్ర పట్టలేదు. ముప్ఫై ఆరుగురు డ్రైవర్లు ముప్ఫై ఆరు టీ కొట్ల దగ్గర ఆగుతారు. రేపో ఎల్లుండో ఆ కథ బడికి చేరుతుంది. పిల్లలు పిల్లలే. ముక్కు లేని మేస్త్రి చెప్పాడంట అని మళ్ళీ మొదలుపెడతారు. వాళ్ళ నోటి నుంచి ఆ పిల్ల వినే లోపు తన నోటి నుంచి వినాలి.

ఉదయం ఏడు గంటలకు టైలరు ఇంటికి వెళ్ళాడు. లోపల మిషను నడుస్తోంది. పిల్ల యూనిఫారం వేసుకుని మెట్టు మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటోంది.

"తాతా! వ్యాన్ ఇంకా రాలేదు" అంది, ఆయన వ్యాన్ కోసమే వచ్చాడన్నట్టు.

మెట్టు కింద గొంతుక్కూర్చున్నాడు. ఇద్దరి మొహాలూ ఒకే ఎత్తులోకి వచ్చాయి.

"అమ్మా, ఆ కంపు వ్యాన్‌దే. నీది కాదు. నట్టు దగ్గర గ్యాస్ కారింది, సబ్బునీళ్ళు పూస్తే అందరికీ కనిపించింది. మొదటిసారి వ్యాన్ అక్క వచ్చినప్పుడే నేను చెప్పాల్సింది. చెప్పలేదు. నాకు తెలీలేదు. నా ముక్కు పనిచెయ్యదు. మూడేళ్ళయింది. అందరూ నన్ను ముక్కు మేస్త్రి అంటుంటే బాగుందని ఎవరికీ చెప్పలేదు. దానివల్ల నీకు ఆ పేరొచ్చింది. తప్పు నాది."

పిల్ల లేసు వదిలేసింది. లోపల మిషను ఆగింది. తల్లి వింటోందని ఆయనకు అర్థమైంది.

"అస్సలు ఏ వాసనా తెలీదా?"

"తెలీదు."

"పువ్వు వాసన?"

"తెలీదమ్మా."

పిల్ల ఆలోచించింది. నుదుటి మీద చిన్న గీత పడింది.

"అయితే ఆ రోజు నా దగ్గర వాసన లేదని చెప్పారు కదా. అదీ మీకు తెలీదా?"

వీధి మలుపులో వ్యాన్ హారన్ వినిపించింది. వాసన నీది కాదని ఇప్పుడే కదమ్మా చెప్పాను, నట్టు కనిపించింది కదా, సబ్బు కనిపించింది కదా అని చెప్పాలనుకున్నాడు. అన్నీ నిజాలే. అవేవీ ఆ పిల్ల అడిగినదానికి జవాబులు కావు.

"తెలీదమ్మా" అన్నాడు.

ఆ పిల్ల ఆయన వైపు ఇంకొంచెంసేపు చూసింది. తర్వాత తల కాస్త పక్కకు తిప్పుకుని, చెయ్యి మడిచి, తన చొక్కా భుజం మీద ముక్కు ఆనించి పీల్చుకుంది. మళ్ళీ ఇంకోసారి.